అలైనర్లా, బ్రేసెస్సా? కన్ఫ్యూజన్‌గా ఉంది

నాకు 27, పైపళ్ల మధ్య సందు, కింద పళ్లు కాస్త ఒకదాని మీదొకటి ఎక్కాయి, ఒక క్లినిక్‌లో అలైనర్లు (పళ్లకి తొడిగి, తీసి పెట్టుకునే ప్లాస్టిక్ ట్రేలు) చాలన్నారు ఇంకోచోట మెటల్ బ్రేసెస్సే అన్నారు, ఎవర్ని నమ్మాలి?

> చిన్న సందులకి అలైనర్లు ఓకే బ్రో. పళ్లు పీకాల్సిన కేసు, బాగా తిరిగిపోయిన కోరపళ్లు అయితే బ్రేసెస్సే నయం. పైగా అలైనర్లు రోజుకి 20-22 గంటలు పెట్టుకోవాలి, టీకోసారి బజ్జీకోసారి తీసి పక్కన పడేసే మనలాంటోళ్లకి కష్టమే

> ఎక్స్‌రే లేకుండా, చిగుళ్లు చూడకుండా ఫోన్ ఫొటోలతో ప్లాన్ ఇస్తామంటే వద్దండి. ఆర్థోడాంటిక్స్‌లో (పళ్ల వరస సరిచేసే విభాగం) ఎండీఎస్ (డెంటల్ పీజీ) చేశారా అడగండి

> నేనో అలైనర్ సెట్ టిష్యూలో చుట్టి హోటల్లో వదిలేశా 😅 ట్రీట్‌మెంట్ అయ్యాక రిటైనర్ (పళ్లు కదలకుండా పెట్టుకునేది) మానేస్తే పళ్లు మళ్లీ కదుల్తాయ్, జాగ్రత్త

అమ్మో, రిటైనర్ సంగతి ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు నాకు