2016లో 'లీవ్'కే ఓటేశాను, మళ్లీ అడిగినా అదే చెబుతాను

స్లౌ_బాబాయ్:
నిన్న వేరే థ్రెడ్‌లో ఒకాయన "బ్రెగ్జిట్‌కు ఓటేసిన ఇండియన్లు కూర్చున్న కొమ్మనే నరుక్కున్నారు" అని రాశాడు. అందులో నేనూ ఒకణ్ణి కాబట్టి నా లెక్క చెబుతాను. తిట్టేవాళ్లు మొత్తం చదివాకే తిట్టండి.

ఇండియాలో ఉన్నవాళ్లకు ముందుగా ఒక సంగతి. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా ('రిమెయిన్'), బయటికి రావాలా ('లీవ్') అని బ్రిటన్‌లో 2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకూ ఓటుంది. కామన్వెల్త్ దేశస్థులు ఇక్కడ సక్రమమైన వీసాతో ఉంటే చాలు, పౌరసత్వం అక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న పోలండ్ వాళ్లకు, ఇటలీ వాళ్లకు మాత్రం లేదు. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్లకే ఉంది. నేను అప్పుడు టియర్ 2 వీసా (కంపెనీ ఉద్యోగం ఇచ్చి తెచ్చుకునేది) మీద ఉన్నాను. పోలింగ్ బూత్‌కు వెళ్లి ఓటేసి వచ్చాను.

యూనియన్‌కు పంపుతున్నామని 'లీవ్' ప్రచార బస్సు మీద రాసిన "వారానికి 35 కోట్ల పౌండ్లు" చూసి వేశానా? లేదు. అది తప్పు లెక్కని, బ్రిటన్‌కు ఇచ్చే రిబేటు (తగ్గింపు) అందులో తీసేయలేదని అప్పుడే గణాంకాల అథారిటీ చెప్పింది. నేను చూసింది అప్పటి మా పరిస్థితి. కంపెనీ మాలాంటివాడిని బయట నుంచి తెచ్చుకోవాలంటే ముందు 28 రోజులు ప్రకటన ఇచ్చి, ఇక్కడివాళ్లు గానీ యూరప్‌వాళ్లు గానీ దొరకలేదని చూపించాలి. ఏడాదికి 20,700 కోటా. చదువయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసుకునే వీసాను 2012లో ఎత్తేశారు. బ్రిటిష్ పౌరసత్వం వచ్చిన మనవాడు గుంటూరు నుంచి భార్యను తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం చూపాలి. అదే ఇక్కడ పనిచేసే ఫ్రెంచ్ అతను మన అమ్మాయినే పెళ్లాడితే ఆ షరతు లేదు. ఇదెక్కడి న్యాయం?

అసలు కారణం ఏమిటంటే, నికర వలసలను ఏడాదికి లక్షకు లోపు తెస్తానని అప్పటి ప్రధాని కామెరాన్ మాటిచ్చాడు. యూరప్ నుంచి వచ్చేవాళ్లను ఆపే అధికారం ఆయనకు లేదు. కాబట్టి చేతికందే మమ్మల్ని పిండారు. యూనియన్‌లో ఉన్నంతకాలం అది మారదనిపించింది. 2020 డిసెంబర్ నుంచి 28 రోజుల ప్రకటనా పోయింది, కోటా కూడా పోయింది. 2021 జూలైలో చదువు తర్వాత పనిచేసుకునే వీసా తిరిగొచ్చింది. ఆ తర్వాత వచ్చిన వేలమంది తెలుగు పిల్లలు ఏ తలుపులోంచి వచ్చారో వాళ్లే చెప్పాలి.

ఈ మాట అనుకున్నది నేనొక్కణ్ణే కాదు. లండన్ పక్కన, మనవాళ్లు, పంజాబీలు ఇంతమంది ఉన్న మా స్లౌలో 'లీవ్'కు 54.3 శాతం వచ్చింది. పక్కనున్న హౌన్స్‌లోలో 'రిమెయిన్' 51.1తో బయటపడింది. 2026 జూన్‌కి ఆ ఓటుకు పదేళ్లు. ఇక మొదలుపెట్టండి.

హారో_అక్క:
బాబాయ్ గారూ, మీ బాధ నిజమే, మీరు చూపించే ముద్దాయే తప్పు. 28 రోజుల రూలు, 20,700 కోటా, 18,600 షరతు, వీటిలో ఒక్కటైనా యూనియన్ ప్రధాన కార్యాలయం ఉన్న బ్రస్సెల్స్‌లో రాశారా? అన్నీ లండన్‌లో హోం ఆఫీసు రాసినవే. అప్పుడు హోం సెక్రటరీ థెరెసా మే. మిమ్మల్ని పిండిన ఆవిడే రెఫరెండం తర్వాత ప్రధాని అయ్యింది. ఆ రూళ్ల మీద కోపం ఉంటే రూళ్లు రాసినవాళ్లకు ఓటేయకూడదు. దానికోసం ఇంత పెద్ద మార్కెట్‌ని వదులుకోవాలా?

ఇంకో మాట. 18,600 అన్నారుగా, 2024 ఏప్రిల్‌లో దాన్ని 29,000 చేశారు. యూనియన్‌లోంచి బయటికొచ్చాకే.

నేను ఒక చిన్న ఆహార ఎగుమతుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇదివరకు నెదర్లాండ్స్‌కు సరుకు పంపడమంటే మాంచెస్టర్‌కు పంపినట్టే, ఇన్‌వాయిస్ రాసి లారీ ఎక్కించడమే. ఇప్పుడు కస్టమ్స్ డిక్లరేషన్, సరుకు ఏ దేశంలో తయారైందో చూపే కాగితం, పాల పదార్థం ఉంటే పశువైద్యుడు సంతకం పెట్టిన ఆరోగ్య సర్టిఫికెట్. నాలుగు పెట్టెల చిన్న ఆర్డరుకైనా ఇవన్నీ కావాలి. పెద్ద కంపెనీలు దీనికోసం మనుషుల్ని పెట్టుకున్నాయి. మేం చిన్న ఆర్డర్లు తీసుకోవడం మానేశాం. అంతే, ఏ పేపర్లోనూ రాదు ఇది. యూనియన్‌లోనే ఉంటే ఉండేదానికంటే దేశం మొత్తం మీద ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందని ప్రభుత్వానికి బడ్జెట్ అంచనాలు ఇచ్చే ఓబీఆరే చెబుతోంది.

కావెంట్రీ_కుర్రాడు:
బాబాయ్, ఆ తలుపులోంచి వచ్చినవాణ్ణి నేనే. 2022 సెప్టెంబర్ బ్యాచ్. వచ్చినప్పుడు మీరు చెప్పినట్టే ఉంది, కాదనను. తర్వాత ఏమైందో కూడా రాయండి మరి. 2024 జనవరి నుంచి మాస్టర్స్‌కు వచ్చేవాళ్లు భార్యాపిల్లల్ని తెచ్చుకోకూడదన్నారు. టియర్ 2 స్థానంలో వచ్చిన స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస జీతం నేను వచ్చినప్పుడు ఏడాదికి 25,600 పౌండ్లు. 2024 ఏప్రిల్‌లో 38,700. 2025 జూలైలో 41,700. మాలాంటి కొత్తవాళ్లకు కొంత తగ్గింపు ఉంది గానీ, కావెంట్రీలో చిన్న కంపెనీలు అదీ ఇవ్వలేమంటున్నాయి. నా గ్రాడ్యుయేట్ వీసా (చదువు తర్వాత పనిచేసుకునేది) అయిపోవస్తోంది, టెన్షన్ మామూలుగా లేదు.

పోలండ్, రొమేనియా వాళ్లు ఉన్నప్పుడు తిట్లన్నీ వాళ్లకు పోయేవట. ఇప్పుడు వాళ్లు వెళ్లిపోతున్నారు, మేం వస్తున్నాం. 2023లో నికర వలసలు ఏడాదికి 9 లక్షలు దాటాయి. దాంతో టీవీ పెడితే మేమే, పేపర్ తెరిస్తే మేమే. మీ ఓటు వల్ల మాకు తలుపు తెరుచుకుంది నిజమే, ఆ తలుపు దగ్గర కెమెరా కూడా మీరే పెట్టించారు.

జీపీ_గారు:
చిన్న సవరణ. 2017 డిసెంబర్ నుంచి ఆ 20,700 కోటా నెలనెలా నిండిపోయి, ఆసుపత్రులు ఉద్యోగం ఇచ్చిన ఇండియన్ డాక్టర్లకు కూడా వీసా రాలేదు. గోల అయ్యాక 2018 జూన్‌లో డాక్టర్లను, నర్సులను కోటా నుంచి తప్పిస్తున్నట్టు ప్రకటించారు. అప్పటికి బ్రిటన్ ఇంకా యూరోపియన్ యూనియన్‌లోనే ఉంది. చేయదలచుకుంటే లోపల ఉండే చేయొచ్చని దానితోనే తేలిపోయింది.

భీమవరం_రాజు:
మేం ఊళ్లో ఉండి చూసేవాళ్లం, మాకు తెలిసింది రొయ్య. యూనియన్‌లో ఉంటే బ్రిటన్ సొంతంగా ఇండియాతో ఒప్పందం చేసుకోగలిగేదా? 2007లో మొదలుపెట్టిన ఇండియా-యూరప్ చర్చలు 2013లో ఆగిపోయాయి, మళ్లీ 2022 దాకా కదల్లేదు. అదే బ్రిటన్ 2022 జనవరిలో మొదలుపెట్టి 2025 జూలై 24న సంతకం చేసింది. ఆ ఒప్పందం ప్రకారం మా రొయ్యల మీద సుంకం ఉండదు. 2025లో అమెరికా సుంకాలు పెంచాక ఇక్కడ చెరువుల మీద అప్పులు చేసినవాళ్లను అడగండి, ఇంకో మార్కెట్ అంటే ఏమిటో చెబుతారు. నేను బాబాయ్ పక్షమే.

హారో_అక్క:
రాజు గారూ, మీకు మంచి జరిగితే సంతోషమే. కానీ ఆ ఒప్పందంతో బ్రిటన్ జీడీపీ పెరిగేది దీర్ఘకాలంలో ఏడాదికి 480 కోట్ల పౌండ్లని ఇక్కడి ప్రభుత్వమే లెక్కగట్టింది. అంటే 0.13 శాతం. పోయేది 4, వచ్చేది 0.13. భీమవరానికి లాభమని హారోలో ఓటేయమంటారా?

బెల్‌ఫాస్ట్_బావ:
అందరూ లండన్ చుట్టూనే తిరుగుతున్నారు. మా నార్తర్న్ ఐర్లండ్‌లో 55.8 శాతం ఉండిపోదామన్నారు. స్కాట్లండ్‌లో 62. లెక్క మొత్తం కలిపి 51.9 - 48.1 వచ్చింది, మేమూ బయటికొచ్చాం.

ఇక్కడ బోర్డర్ సంగతి చూడనివాళ్లకు చెబుతాను. మా వైపు న్యూరీ దాటి, ఐర్లండ్ దేశంలోని డండాక్ వైపు వెళితే గేటు ఉండదు, పోలీసు ఉండడు. స్పీడు బోర్డులు మైళ్ల నుంచి కిలోమీటర్లకు మారితే అప్పుడు తెలుస్తుంది వేరే దేశం వచ్చిందని. (ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లకు సాధారణంగా ఐరిష్ వీసా కావాలి, గేటు లేదు కదా అని వెళ్లకండి.) ఇక్కడి దశాబ్దాల హింసకు తెరదించిన 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాతి ప్రశాంతత ఆ గేటు లేకపోవడం మీదే నిలబడింది. బ్రిటన్ బయటికొచ్చాక ఆ గీత యూరోపియన్ యూనియన్ సరిహద్దయింది. అక్కడ గేటు పెట్టలేక తనిఖీలు మాకూ ఇంగ్లండ్, స్కాట్లండ్‌లకూ మధ్యనున్న సముద్రం దగ్గర పెట్టారు. అంటే మా దేశంలోంచి మా దేశంలోకే వచ్చే సరుకుకు కాగితాలు! దాని మీద అలిగి, బ్రిటన్‌తోనే ఉండాలనే ఇక్కడి పార్టీ డీయూపీ 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్లు ఇక్కడ ప్రభుత్వమే నడవనివ్వలేదు. 2023లో విండ్సర్ ఒప్పందం అని కొంత సర్దారు. ఇప్పటికీ అటు నుంచి వచ్చే పాల ప్యాకెట్ల మీద 'యూరోపియన్ యూనియన్‌కు కాదు' అని ముద్ర ఉంటుంది.

బాబాయ్, మీరు బూత్‌లో పెన్సిల్ పట్టుకున్నప్పుడు మేం గుర్తున్నామా?

స్లౌ_బాబాయ్:
బెల్‌ఫాస్ట్ బావకు ముందు. గుర్తులేరు. లండన్ టీవీల్లో ఆ ఊసే దాదాపు లేదు, వెయ్యమన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ ఇద్దరూ పెద్దగా చెప్పలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించను.

అక్కకు: రూళ్లు లండన్‌లోనే రాశారు, ఒప్పుకుంటాను. ఎందుకు రాశారన్నదే నా వాదన. సగం మంది రాకను ఆపలేని ప్రభుత్వం, లెక్క తగ్గిస్తానని జనానికి మాటిస్తే, మిగతా సగాన్ని బిగిస్తుంది. కామెరాన్ పోయి ఇంకొకరొచ్చినా ఆ మాటే ఇచ్చేవాళ్లు, ఎందుకంటే ఓట్లు దానికే పడుతున్నాయి. డాక్టర్ జీపీ గారు చెప్పిన 2018 మినహాయింపు నిజమే. అది ఎవరికి? డాక్టర్లకు, నర్సులకు. నాలాంటి ఐటీ వాడికి కాదు, కుర్రాడిలాంటి విద్యార్థికి కాదు.

4 శాతం సంగతి. అది అందరికీ సమానంగా పడిన దెబ్బ కాదు. మీ కంపెనీకి పడింది. మా వీధిలో సాఫ్ట్‌వేర్ వాళ్లకు పెద్దగా పడలేదు. పౌండు పడిపోయినప్పుడు మాకూ తగిలింది, వంద రూపాయల దగ్గరున్నది కొన్ని వారాల్లో తొంభై లోపుకు దిగింది. ఇంటికి డబ్బు పంపేవాళ్లం లబోదిబోమన్నాం, ఫీజు కట్టే పిల్లల నాన్నలు మాత్రం పండగ చేసుకున్నారు.

నన్ను నిజంగా మోసం చేసింది వేరే. "మన కర్రీ హౌస్‌లను కాపాడుకుందాం" అని 'లీవ్' వైపున్న మంత్రి ప్రీతి పటేల్ ప్రచారం చేసింది. యూరప్ వాళ్లను తగ్గిస్తే దక్షిణాసియా వంటవాళ్లకు దారి దొరుకుతుందంది. తర్వాత ఆవిడే హోం సెక్రటరీ అయ్యింది. వంటవాళ్ల కోసం ప్రత్యేకంగా ఏ వీసా పెట్టింది?

హారో_అక్క:
చూశారా, మీరే నా వాదన చెబుతున్నారు. అధికారం చేతికి వచ్చాక మీ వాళ్లే మీకు చేయలేదు. కేర్ వీసా (వృద్ధులను, రోగులను చూసుకునే పనికి ఇచ్చేది) సంగతేమిటి? 2022లో తెరిచారు, ఏజెంట్లు లక్షలు గుంజారు, 2025 జూలైలో బయట నుంచి తేవడం ఆపేశారు. ఐదేళ్లకు వచ్చే పర్మనెంట్ రెసిడెన్సీని పదేళ్లు చేస్తామని 2025 మేలో ప్రకటించారు. ఈసారి బ్రస్సెల్స్ మీదకు తోసేయడానికి కూడా లేదు.

స్లౌ_బాబాయ్:
అదేనమ్మా నేను చెప్పేది. తోసేయడానికి ఎవరూ లేరు. ఇదివరకు "మేం ఏం చేస్తాం, యూరప్ రూలు" అనేవాళ్లు. ఇప్పుడు ఎంపీ సర్జరీకి (ఎంపీ జనాన్ని కలిసే చోటికి) వెళ్లి అడిగితే ఆ సాకు చెప్పలేడు. కుర్రాడా, నీకు కోపం ఉంటే నీకూ ఓటుంది.

కావెంట్రీ_కుర్రాడు:
నాకా? స్టూడెంట్‌గా వచ్చినవాడికి పార్లమెంటు ఎన్నికల్లో ఓటా? 2024లో మా ఇంట్లో ఐదుగురం తెలుగువాళ్లం ఉన్నాం, ఒక్కడికీ తెలియదు.

బెల్‌ఫాస్ట్_బావ:
ఉంది. ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ అడుగుతారు. మీ ఇంగ్లండ్‌లో 2023 నుంచి బూత్‌లో ఫొటో ఐడీ చూపించాలి, దానికి ఇండియన్ పాస్‌పోర్టు సరిపోతుంది.

జీపీ_గారు:
మళ్లీ యూనియన్‌లో చేరే మాట వస్తే 27 దేశాలూ ఒప్పుకోవాలి. పాత రిబేటు ఇస్తారన్న ఆశ కూడా పెట్టుకోకండి. ఆ సంగతీ లెక్కలో ఉంచుకుని మాట్లాడుకోండి.

హారో_అక్క:
కుర్రాడా, ఈ రోజే రిజిస్టర్ చేసుకో, మిగతా నలుగురితో కూడా చేయించు. ఎవరికి వేయాలో మాత్రం బాబాయ్‌ని అడక్కు.