ఫెదర్ స్టార్ మీద నత్త: పీకెయ్యాలా, వదిలెయ్యాలా?

ఉప్పునీటి తొట్టి: నా ట్యాంకులో ఫెదర్ స్టార్ (ఈకల్లాంటి చేతులున్న సముద్రజీవి) చేతి మొదట్లో నువ్వుగింజ కన్నా కాస్త పెద్ద నత్త అతుక్కుని ఉంది, తెల్లగా గాజులా మెరుస్తోంది. ట్వీజర్స్‌తో లాగెయ్యొచ్చా?

శంఖం రాజు: ఆలోచించకుండా లాగెయ్ తమ్ముడూ. చూస్తుంటే యూలిమిడే అనే పరాన్నజీవి నత్తల కుటుంబంలాగే ఉంది. వాటిలో చాలావాటికి నోట్లో రాడ్యులా (గీరే పళ్ళ నాలుక) ఉండదు, తొండం గుచ్చి లోపలి ద్రవం పీలుస్తాయి. మధ్యధరా సముద్రపు ఫెదర్ స్టార్ల మీద ఉండే ఇలాంటి నత్త గురించి 1875లోనే గ్రాఫ్ అనే జంతుశాస్త్రజ్ఞుడు రాశాడు, ఇప్పటి పేరు క్రైనోఫ్తీరోస్ కొమాట్యులికోలా.

అల అరుణ: పీల్చినంత మాత్రాన చంపేస్తుందా రాజు గారూ? అది చస్తే నత్తకే తిండి పోతుంది. పైగా ఫెదర్ స్టార్‌ని కదిపితే బెదిరి చేతులే తెంపుకుంటుంది, మీ ట్వీజర్సే ఎక్కువ ప్రమాదం.

శంఖం రాజు: ప్లాటిసెరాస్ అనే పాతకాలపు నత్తల శిలాజాలు చూడండి మేడమ్. సీ లిల్లీల (ఫెదర్ స్టార్లకి చుట్టాలే, కాడ ఉంటుంది) మలద్వారం మీదే కూర్చునేవి, మలం తింటున్నాయి అంతే, హాని లేదన్నారు. తర్వాత చూస్తే కొన్నిచోట్ల నత్తలున్న లిల్లీలు లేనివాటికన్నా చిన్నవి, కొన్నిటికి చిల్లులు కూడానూ.

అల అరుణ: ఆ నత్తలు ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందటే పోయాయి, వీటికి దగ్గరి చుట్టాలు కూడా కావు. చిన్న లిల్లీల మీదే నత్తలు ఎక్కాయేమో, అది మాత్రం అడగరు.

కాఫీ కామేశం: భోజనాల వేళ ఈ మలం గొడవేంటండీ బాబూ.

శంఖం రాజు: నా ఫెదర్ స్టార్ నత్త పట్టే పోయింది. అమ్మినవాణ్ణి అడిగితే "నత్త ఫ్రీ సార్" అని నవ్వాడు. చూసినవాణ్ణి చెబుతున్నా.

అల అరుణ: దానికి తిండేం పెట్టారు?

శంఖం రాజు: బాటిల్ ఫైటో (సీసాలో అమ్మే సూక్ష్మ నాచు), పొద్దున ఓసారి.

అల అరుణ: అయితే నత్త ఎందుకండీ, ఆకలి చాలదూ! పారే నీళ్ళలో వచ్చే సన్నటి ప్లాంక్టన్‌ని గంటల తరబడి పట్టుకు తినే ప్రాణి అది. ట్యాంకుల్లో చాలావరకు చిక్కి చిక్కి, చేతులు రాల్చుకుని పోతాయి. పట్టుకొచ్చి అమ్మేవాళ్ళకి తెలుసు, కొనేవాళ్ళకీ తెలుసు, అయినా తప్పంతా నత్తదే.

శంఖం రాజు: అలా చెప్పండి, అంటే మీ కోపం మా ట్యాంకుల మీద! అండమాన్ వెళ్ళి డైవింగ్ చేసే స్తోమత అందరికీ ఉండదు మేడమ్.

అల అరుణ: స్తోమత లేకపోతే వీడియో చూడండి, కొనకండి. నేనూ ఈదడం రానిదాన్నే.

ఉప్పునీటి తొట్టి: మీరిద్దరూ ఆగండి. షాపుకే తిరిగిచ్చేస్తే తీసుకుంటాడా?

కాఫీ కామేశం: ఎందుకు తీసుకోడు, నత్తతో సహా ఇంకొకడికి అమ్ముతాడు.