కెల్ప్ నిల్వల లెక్కకు ఉపగ్రహ చిత్రం చాలునా, గజఈతగాడు దిగవలసిందేనా?

కాకినాడ విద్యార్థి:
సముద్రంలో సహజంగా పెరిగే కెల్ప్ నాచును కోసుకోవడానికి అనుమతులు ఇచ్చే ముందు, నిల్వ ఎంతో తేల్చడానికి ఉపగ్రహ చిత్రాలే చాలునని నా వాదన. కాలిఫోర్నియాలోని జెయింట్ కెల్ప్‌కు ఆకుల మొదళ్ళలో గాలి బుడగలు ఉండటం వల్ల అది నీటిపై తేలి పరుచుకుంటుంది. నీరు పీల్చేసుకునే, కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని ఆ ఆకులు గట్టిగా వెనక్కి పంపుతాయి కనుక, ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రంలో కెల్ప్ ఉన్న చోటు విడిగా కనిపిస్తుంది. 1984 నుంచి 30 మీటర్ల గడుల్లో ఆ తీరం చరిత్ర అందుబాటులో ఉండగా, నాలుగు చోట్ల మునిగి రాసుకున్న పట్టికను ప్రమాణంగా తీసుకోవడం ఎందుకు?

యానాం గట్టు:
విద్యార్థి గారూ, అడిగినది నిల్వ అయితే మీరు చూపినది విస్తీర్ణం. తేలే ఆకు కింద ఎన్ని టన్నుల మొక్క ఉందో చిత్రం తనంతట తాను చెప్పదు. కాలిఫోర్నియా తీరంలోని సాంటా బార్బరా దగ్గర పరిశోధకులు ఆ సంకేతాన్ని బరువుగా మార్చగలిగారంటే, అక్కడ గజఈతగాళ్ళు నెలనెలా దిగి, హద్దులు గీసిన స్థలాల్లో తీగలను లెక్కించి ఉంచినందువల్లనే. పైగా పోటు మీద ఉన్నప్పుడు, ప్రవాహం బలంగా లాగినప్పుడు తేలే భాగం కొంత మునిగిపోయి, అదే కెల్ప్ వనం ఆ పూట చిన్నదిగా కనిపిస్తుంది.

నార్వే సంగతి మరీ వేరు. అక్కడ ట్రాలర్లతో తీసే కెల్ప్ రకం లామినేరియా హైపర్‌బోరియా నీటిపైకి రానే రాదు. గట్టి కాడ మీద నిలబడి, రాతి అడుగుకు కాస్త ఎత్తులోనే ఆకు విప్పుతుంది. దానికోసం కెమెరాను తాడుతో దింపాలి, లేదా మనిషి దిగి చతురస్రపు చట్రాన్ని రాతిపై పరిచి, అందులోని మొక్కలన్నీ కోసి తూచాలి. ఆ కాడను అడ్డంగా కోస్తే కనిపించే వలయాలను బట్టి మొక్క వయసు తెలుస్తుంది. ముదురు మొక్కలెన్ని, వాటి నీడలో ఎదగకుండా ఆగి ఉన్న పిల్ల మొక్కలెన్ని అన్నది తెలియకుండా, కోసిన చోటు ఎప్పటికి తిరిగి నిండుతుందో ఎవరు చెప్పగలరు? అక్కడ కోత జరిగిన పట్టీని దాదాపు 5 ఏళ్ళు వదిలేసేది ఆ నిండుదల కోసమే.

కాకినాడ విద్యార్థి:
అయితే గజఈతగాళ్ళు దిగేది ఎక్కడ? పడవ నిలిచే చోట, అల తక్కువగా ఉన్న చోట. అక్కడ తూచిన బరువును తీరమంతటికీ హెచ్చవేస్తే వచ్చే తప్పు చిన్నదేమీ కాదు. ఉత్తర కాలిఫోర్నియాలో 2014 తర్వాత నీటిపై తేలే మరో రకమైన బుల్ కెల్ప్ 90 శాతానికి పైగా పోయిందని వందల కిలోమీటర్ల పొడవునా చూపగలిగింది ఆకాశం నుంచి తీసిన చిత్రాలే.

యానాం గట్టు:
పోయిందని చెప్పింది చిత్రం. అడుగున కెల్ప్‌ను మేసే ముళ్ళ జీవులైన ఊదా రంగు సీ అర్చిన్లు రాతిని గీకి బోడి చేస్తుండగా చూసింది మునిగినవాళ్ళు.

అమలాపురం పాఠకుడు:
మన కోరంగి మడ అడవిలోనూ ఇదే చిక్కు ఉంది. చిత్రంలో ఒకే పచ్చని ముద్దగా కనిపించే చోట, పాయ గట్టున దిగి చూస్తే నల్లమడ, తెల్లమడ వేరువేరు ఎత్తుల్లో ఉంటాయి. మాను చుట్టుకొలతను టేపుతో పట్టుకుంటే తప్ప బరువు అంచనాకు రాదు. (మన గోదావరి బురద అడుగున కెల్ప్ ఎలాగూ పెరగదు, దానికి చల్లని నీరు, పట్టు దొరికే రాయి కావాలి. ఎర్రనీరు దిగే రోజుల్లో ఇక్కడ మునిగినవాడికి తన చెయ్యే తనకు కనబడదు.)

నా మటుకు నేను యానాం వారి వైపే మొగ్గుతాను గానీ, విద్యార్థి గారి అభ్యంతరానికి సమాధానం చెప్పకుండా కాదు. ముందు చిత్రం సాయంతో తీరాన్ని దట్టం, పలుచన, ఖాళీ అని విడగొట్టి, ప్రతి తరగతిలోనూ దిగవలసిన చోట్లను చీటీలు తీసి ఎంచుకుంటే, అనువైన చోటే దిగే పక్షపాతం చాలావరకు తగ్గుతుంది. లామినేరియా విషయంలో ఆ విభజనను లోతును, రాతి అడుగును చూపే సోనార్ (ధ్వని తరంగాలతో అడుగును కొలిచే పరికరం) పటంతో చేయాలి. చీటీలో వచ్చిన చోటికి అలల వల్ల చేరలేకపోతే, పక్కనున్న సులువైన చోటికి జరగకుండా, వాతావరణం కుదిరాక మళ్ళీ వెళ్ళాలి. అదీ కుదరకపోతే పట్టికలో ఆ గడిని ఖాళీగానే ఉంచి, అనుమతి కోరేవారికి ఆ ఖాళీలతో సహా చూపాలి.