రోడ్డు కనపడకుండా ఎత్తైన గడ్డి: ఉప్పునీళ్ల బోరు ఉన్నచోట ఏది ఆగుతుంది?

కావలి వైపు నుంచి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది కావలికి తూర్పున, సముద్రానికి దగ్గరి ఊరు. ఈమధ్యే ఇల్లు కట్టుకున్నాం. పడమర రోడ్డు, కాంపౌండు గోడ నాలుగడుగులే. గోడకు లోపలి వైపు ముప్పై అడుగుల పొడవున ఎత్తుగా పెరిగే అలంకార గడ్డి వేస్తే చాటుగానూ ఉంటుంది, చూడటానికీ బాగుంటుందని ఆశ. నర్సరీ నుంచి పంపాస్ గడ్డి తెచ్చి పెట్టాం. ఆకు వస్తోంది గానీ తెల్ల కంకి ఒక్కటీ రాలేదు. పైగా ఆకు కొసలు మాడిపోతున్నాయి. నేల ఇసుక, బోరు నీళ్లు కాస్త ఉప్పన. నీళ్లు చాలడం లేదేమోనని రెండు పూటలా కొద్దికొద్దిగా పోస్తున్నాం. ఏం చెయ్యమంటారు? గడ్డి దుబ్బులుంటే పాములు చేరతాయని మా అత్తయ్యగారికి ఒకటే టెన్షన్. దాని సంగతి కూడా చెప్పండి.

నెల్లూరు నుంచి:

ముందు ఆ మాడిన ఆకును ఒకటి తెంపి చూడండి. కొసన మొదలై రెండు అంచుల వెంట కిందికి దిగుతూ గోధుమరంగు వచ్చి, నడుమ ఈనె పక్కన ఇంకా పచ్చగా ఉందా? అలా ఉంటే చాలావరకు అది ఉప్పు పనే. దుబ్బు మొదలు దగ్గర మట్టి ఆరినప్పుడు పైన తెల్లటి పొర కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. రెండు పూటలా చెంబెడు నీళ్లు పోస్తే జరిగేదేమిటంటే, నీరు ఎండకు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు మాత్రం వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. దానికి బదులు మూడు నాలుగు రోజులకోసారి నేల లోతుగా తడిసేలా పెట్టండి. మీది ఇసుక నేల కనక నీటితోపాటు ఉప్పు వేళ్ల కిందికి దిగిపోతుంది. ఆకుల మీద మాత్రం ఆ నీళ్లు చల్లొద్దు. వానాకాలంలో మేడ మీది నీటిని పైపుతో ఈ పాదులోకి మళ్లిస్తే మరీ మంచిది.

ఇక పంపాస్. దాని సొంత ఊరు దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ ప్రాంతాలు. మన మే నెల ఎండలు, చలికాలమన్నది లేని తీరం దానికి సరిపడవు. బతుకుతుంది గానీ ఫోటోల్లో చూసినట్టు నిండుగా పూయడం కష్టం. ఇంకో సంగతి, ఇందులో ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరు. ఒత్తైన తెల్ల కుచ్చు ఆడ మొక్కదే. విత్తనం నుంచి పెంచితే అది ఏదో పూసేదాకా తెలియదు. గులాబి, నీలం పంపాస్ విత్తనాలని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. ఆ నీలం కంకులు రంగు వేసినవే, అలాంటి విత్తనమంటూ లేదు. డబ్బు పోసుకోకండి.

మీ చోటుకు నేను చెప్పేది వట్టివేరు. చాలామందికి తడికెలు, కూలర్లు, కుండలో నీళ్లే గుర్తొస్తాయి గానీ, తోటలో కంచెగా దానంత నిలకడైన గడ్డి మన జిల్లాల్లో మరొకటి లేదని నా నమ్మకం. ఆకు ఐదారు అడుగులు లేస్తుంది, కంకి ఇంకా పైకి వస్తుంది. నేల పరీక్షలో ఉప్పుతనాన్ని మీటరుకు ఇన్ని డెసీసీమన్లు అని కొలుస్తారు, అది 4 దాటితే ఉప్పు చౌడు కింద లెక్క. వట్టివేరు 8 దాకా కూడా పెద్దగా తగ్గకుండా పెరుగుతుంది. వేళ్లు పక్కలకు పాకవు, నిలువునా మూడు మీటర్లకు పైగా దిగుతాయి. అందుకే 1980ల్లో ప్రపంచ బ్యాంకు మన దేశంలో నేల కోతను ఆపడానికి దీన్నే ప్రోత్సహించింది. దక్షిణాది రకం పూసినా మొలకెత్తే విత్తనం కట్టదు కాబట్టి పక్కింటి దొడ్లోకి పోతుందన్న భయం లేదు.

గోడకు రెండడుగులు వదిలి వరస పెట్టండి. లోపలికి వెళ్లి కొడవలి ఆడించడానికి ఆ సందు ఉండాలి. అర అడుగుకో పిలక చొప్పున ముప్పై అడుగులకు అరవై పడతాయి. కంచె చిక్కగా కావాలంటే ఇంకో అరవై రెండో వరసలో, మొదటి వరస సందుల్లోకి వచ్చేలా నాటండి. వాటి ముందు ఎర్ర ఫౌంటెన్ గడ్డి రెండున్నర అడుగులకొకటి పెడితే రంగు కూడా వస్తుంది. అది మూడు నాలుగడుగులే పెరుగుతుంది. ఎండ బాగా తగిలితేనే ఆ ముదురు ఎరుపు నిలుస్తుంది, నీడలో పచ్చబడిపోతుంది. అదే జాతిలో పచ్చరకం మాత్రం వద్దు, విత్తనం రాల్చి ఊరంతా మొలుస్తుంది.

ఆత్మకూరు నుంచి:

ఇంత ఖర్చెందుకండీ? పెన్నా ఒడ్డున రెల్లు ఎంతైనా ఉంది. వానలు తగ్గే వేళకు తెల్లగా విరబూస్తే పంపాస్ దేనికి? నాలుగు దుబ్బులు తవ్వుకొచ్చి నాటితే సరి.

నెల్లూరు నుంచి:

అన్నా, రెల్లుపూల అందం గురించి మీతో వాదనే లేదు. ఏటి ఒడ్డున అది ఇసుకను పట్టి ఉంచుతుంది, అక్కడ ఉండాల్సిందే. ఇంటి ఆవరణలోకి మాత్రం తేవద్దు. నేల లోపల దుంపవేరు పాకించుకుంటూ పోతుంది, ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది. విత్తనం గాలికి ఎగిరి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. పక్కవాళ్లతో తగవు తెచ్చిపెట్టే మొక్క అది. తప్పదంటే అడుగు తీసేసిన ప్లాస్టిక్ డ్రమ్మును భూమిలోకి దించి, అంచు నాలుగు వేళ్లు పైకి ఉంచి, అందులో పెట్టండి. కంకి విత్తనం కట్టకముందే కోసెయ్యండి.

ఒంగోలు నుంచి:

మాది నల్లరేగడి. తుపాను వాన పడితే మూడు రోజులు నీళ్లు నిలుస్తాయి. ఇవి ఆగుతాయా?

నెల్లూరు నుంచి:

వట్టివేరు ఆగుతుంది. ఎర్ర ఫౌంటెన్ గడ్డి ఆగదు, మొదలు కుళ్లిపోతుంది. దాన్ని పెట్టాలంటే అడుగున్నర ఎత్తు కట్ట పోసి, మట్టిలో ఇసుక, దిబ్బ ఎరువు కలిపి ఆ కట్ట మీద నాటండి. ఏ గడ్డికైనా యూరియా మాత్రం గుప్పించొద్దు. మెత్తగా, పొడుగ్గా లేచి మొదటి గాలికే పడిపోతుంది.

బుచ్చిరెడ్డిపాళెం నుంచి:

గేదెలున్నవాళ్లు సూపర్ నేపియర్ వేసుకోవచ్చు కదా? పది అడుగులు దాటి పెరుగుతుంది. చాటుకు చాటు, మేతకు మేత.

నెల్లూరు నుంచి:

కాలవ నీళ్లున్న మీకు భేషుగ్గా పనికొస్తుంది. అయితే నలభై ఐదు రోజులకోసారి కొయ్యాలి, కోసిన రోజున మీ చాటు పోతుంది. రెండు వరసలు వేసుకుని ఒకటి కోసినప్పుడు ఇంకొకటి ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు. కావలి వారి ఉప్పు బోరుకు మాత్రం నేను సిఫారసు చెయ్యను, దానికి మంచినీళ్లు బాగా కావాలి.

కనిగిరి నుంచి:

కత్తిరింపు ఎప్పుడు చెయ్యాలి? వీడియోల్లో చలికాలం చివర అంటున్నారు.

నెల్లూరు నుంచి:

ఆ వీడియోలు మంచు పడే దేశాలవి. మనకు వాతావరణమే వేరు. తీరం వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుకు ముగుస్తాయి కాబట్టి సంక్రాంతి దాటాక, నేలలో ఇంకా పదును ఉండగా కొయ్యడం మంచిది. ఎండలు ముదిరేలోపు కొత్త ఆకు లేస్తుంది. వట్టివేరును మోకాలెత్తు ఉంచి, ఫౌంటెన్ గడ్డిని జానెడు ఉంచి కొయ్యండి. కనిగిరి, మార్కాపురం వైపు వేసవిలో బోర్లు అడుగంటేచోట అలా చెయ్యొద్దు. ఎండిన ఆకే మొదలుకు నీడ. దాన్ని అలాగే వదిలి, జూన్, జూలైల్లో మొదటి మంచి వాన పడ్డాక కొయ్యండి. కాకపోతే ఎండుగడ్డి పక్కన చెత్త తగలబెట్టడం, బీడీ ముక్క విసరడం లాంటివి జరగకుండా చూసుకోవాలి.

పాముల విషయం. మీ అత్తయ్యగారి భయాన్ని తీసిపారెయ్యకండి, అది న్యాయమైనదే. పాము వచ్చేది ఎలుకల కోసం, చల్లని చాటు కోసం. దుబ్బు మొదట్లో ఎండాకు పేరుకోనివ్వకండి. కింది అడుగు మేర ఖాళీగా, నేల కనిపించేలా ఉంచండి. గుమ్మానికి, పిల్లలు ఆడే చోటుకు కనీసం పదడుగుల దూరం ఉండాలి. కోళ్ల దాణా, బియ్యం నూకలు ఆ పక్కన చల్లొద్దు. కోసేటప్పుడు ముందు పొడుగు కర్రతో దుబ్బును కదిలించి, బూట్లు, నిండు చేతుల చొక్కా వేసుకుని మొదలుపెట్టండి. పంపాస్ ఆకు అంచు రంపంలా కోస్తుంది, తొడుగులు తప్పనిసరి.

కావలి వైపు నుంచి:

చాలా థ్యాంక్సండీ. అత్తయ్యగారికి చదివి వినిపించాను, గుమ్మానికి దూరంగా అయితే సరేనన్నారు. పిలకలు ఎలా తియ్యాలి? ఎప్పుడు నాటాలి? ఉన్న పంపాస్‌ను ఏం చెయ్యాలి?

నెల్లూరు నుంచి:

తీరం వెంట ఇసుక నేలల్లో వట్టివేరు సాగు చేసే రైతులున్నారు, వేరు తవ్వే సమయంలో పిలకలు వాళ్ల దగ్గర దొరుకుతాయి. సీమాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) విడుదల చేసిన ధారిణి, గులాబి, కేసరి లాంటి రకాలు నూనె కోసం తీసినవి. కంచెకు రకం పట్టింపు లేదు, దక్షిణాది రకం అయితే చాలు.

దుబ్బు దొరికితే ఆకును తాడుతో జుట్టులా కట్టేసి, చుట్టూ గడ్డపారతో లేపండి. మట్టి దులిపితే కమ్మని వాసన వస్తుంది, వేళ్లు లేత పసుపుగా ఉంటాయి. రెండు మూడు పిలకలు కలిసి ఉండేలా చేత్తో విడదియ్యండి. నడుమ ఎండిపోయిన మోడు పారేసి, అంచుల్లోని లేతవే తీసుకోండి. పైన జానెడు ఆకు, కింద నాలుగు వేళ్ల వేరు ఉంచి మిగతాది నరికి, తడి గోనెలో చుట్టి నీడన పెట్టుకుని అదే రోజు నాటండి. నాటాక మొదలు చుట్టూ మడమతో గట్టిగా తొక్కాలి. లోపల గాలి మిగిలితే వేరు ఎండిపోతుంది.

మీ ఇసుకకు అక్టోబరు మొదటి వానలు సరైన అదను. నవంబరు వానలకు ఉప్పు కడుక్కుపోతుంది, వేరు పట్టుకుంటుంది. పైన సరుగుడు ఆకో, వేరుశనగ పొట్టో పలచగా పరవండి, మొదలుకు మాత్రం తగలనివ్వొద్దు. మొదటి వేసవి తప్పకుండా నీళ్లివ్వాలి. కంచె చిక్కబడటానికి ఏడాది పైనే పడుతుంది, ఈలోగా చాటు కావాలంటే గోడ మీద వెదురు తడిక కట్టుకోండి.

పంపాస్‌లో బాగున్న దుబ్బు ఒక్కటి పెద్ద కుండీలోకి మార్చి, వాన నీళ్లతో పెంచి చూడండి. మిగతావి వేళ్లతో సహా పెకలించి, ఎండబెట్టాకే బయట పడెయ్యండి. కాలవ గట్టున మాత్రం విసరొద్దు. న్యూజిలాండ్‌లో అది అలా పాకిపోవడంతో దాని అమ్మకం కూడా నిషేధించారు.