బాట్‌కి ఎప్పుడూ ఆప్ ఉంచాలా, అక్కర్లేదా?

గాజువాక_రూట్:
లిబెరా చాట్ అనే ఐఆర్‌సీ (టెక్స్ట్ చాట్) నెట్‌వర్క్‌లో మన విశాఖ లినక్స్ చానెల్‌కి ఎగ్‌డ్రాప్ అనే కాపలా బాట్ పెడుతున్నాం. చాన్‌సర్వ్‌లో (చానెల్ హక్కులు చూసుకునే సర్వీస్) దాని అకౌంట్‌కి పెద్ద ఓ (O) ఫ్లాగ్, అంటే హక్కు గుర్తు, ఇచ్చేద్దాం, చేరగానే ఆప్ (చానెల్ నిర్వాహక హక్కు) వచ్చేస్తుంది. స్పామర్ లైన్లు కుమ్మరిస్తుంటే ఆప్ అడిగి తెచ్చుకునే తీరిక ఎక్కడిది? పైగా ఆప్ లేనిదే ఎగ్‌డ్రాప్ సొంత ఫ్లడ్ (లైన్ల వరద) కాపలా ఎవర్నీ కిక్ చెయ్యలేదు, అంటే బయటికి గెంటలేదు.

మద్దిలపాలెం_పెంగ్విన్:
అదే వద్దంటున్నా గురూ. నెట్‌లో దొరికిన టీసీఎల్ (ఎగ్‌డ్రాప్ స్క్రిప్టుల భాష) స్క్రిప్టు చదవకుండా ఎక్కించి, అందులో దొంగదారి ఉంటే చాలు, ఆప్ ఉన్న బాట్‌తో పాటు చానెల్ కూడా పరాయివాడి చేతిలో పడుతుంది. ఇంకో సంగతి: ఐఆర్‌సీలో ఒక మెసేజ్ 512 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు కూడా, మూడేసి బైట్లు. పంపేవాడి నిక్ (చాట్ పేరు), హోస్ట్ (కనెక్షన్ చిరునామా) పోగా మిగిలేది నూట ముప్పై చిల్లర గుర్తులే. పెద్ద పేరా పేస్ట్ చేస్తే క్లయింట్ (చాట్ ప్రోగ్రాం) దాన్ని నాలుగైదు లైన్లుగా విరగ్గొడుతుంది. ఎగ్‌డ్రాప్ లెక్కపెట్టేది లైన్లనే. ఇంగ్లిష్‌లో రాసినవాడు తప్పించుకుంటాడు, తెలుగులో రాసినవాడు బయటికి పోతాడు.

గాజువాక_రూట్:
అది ఆప్ తప్పు కాదు, పరిమితి తప్పు. మామూలుగా కాన్ఫిగ్‌లో ఉండేది 60 సెకన్లకి 15 లైన్లు. దాన్ని బిగించకుండా వదిలేస్తే పేరాలకి ఇబ్బంది లేదు.

సీతమ్మధార_షెల్:
ఆప్ లేకుండానే నడుస్తుందండీ. బాట్ అకౌంట్‌కి చిన్న ఆర్ (r) ఫ్లాగ్ ఇవ్వండి, చాన్‌సర్వ్ చేత క్వయిట్ చేయించడానికి అది చాలు. లైన్లు లెక్కపెట్టే చిన్న స్క్రిప్టు రాసుకుని, మితిమీరితే చాన్‌సర్వ్‌కి క్వయిట్ ఆదేశం పంపించండి. మనిషి చానెల్లోనే ఉంటాడు, నోరు మాత్రం కట్టేస్తారు. పొరపాటైతే అన్‌క్వయిట్. నీడ్-ఆప్ సెట్టింగ్ ఖాళీగా ఉంచండి, లేదంటే బాట్ ఆప్ కోసం అడుగుతూనే ఉంటుంది.

మద్దిలపాలెం_పెంగ్విన్:
ఇది నాకు నచ్చింది. లాగిన్ మాత్రం శాసల్‌తో (కనెక్ట్ అయ్యేటప్పుడే అకౌంట్ రుజువు చేసే పద్ధతి), 6697 పోర్టులో టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) మీద పెట్టాలి. ఫ్లాగ్ అకౌంట్‌ది కాబట్టి, కరెంటు పోయొచ్చాక పాత నిక్ దొరక్క వేరే నిక్‌తో చేరినా హక్కులు పోవు.

గాజువాక_రూట్:
స్పామర్ నిక్ మార్చుకుని మళ్లీ చేరితే?

సీతమ్మధార_షెల్:
నిక్ మార్చినా హోస్ట్ మారదు, క్వయిట్ పడేది హోస్ట్ మీదే. వందమంది ఒకేసారి వస్తే చానెల్‌కి ఆర్ మోడ్ (బాట్ ఫ్లాగ్ కాదు, చానెల్ సెట్టింగ్) వెయ్యాలి, అకౌంట్ లేనివాడు చేరలేడు. ఆ పని మనిషే చెయ్యాలి, బాట్‌కి వదలకండి.

ఎగ్‌డ్రాప్‌ని మొదటిసారి ఎమ్ (-m) ఆప్షన్‌తో నడిపినప్పుడు ముందుగా హలో పంపినవాడే బాట్ యజమాని అవుతాడు. అందుకే చానెల్లో ఎవరో ముందే హలో పంపకుండా, చానెల్ పేరు కాన్ఫిగ్‌లో తర్వాత చేర్చండి.