పీజెడ్ఈఎమ్ మీటర్లో యూనిట్లు 65 దాటగానే మళ్లీ సున్నా – రిజిస్టర్లు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

గోదారి_ఆక్వా:
భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. ఏరేటర్లన్నీ (నీళ్లలో గాలి కలిపేవి) 2 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటార్లు. స్టార్టర్ ప్యానెల్లో ఫేజ్‌కి ఒకటి చొప్పున మూడు పీజెడ్ఈఎమ్-004టి మీటర్లు (కరెంట్ కొలిచే చిన్న మాడ్యూళ్లు; వెర్షన్ 3, వైరు చుట్టూ ఉండే 100 ఆంప్స్ కాయిల్, అంటే సీటీ, ఉన్నది) పెట్టించాం, ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) వాటిని చదివి ఫోన్‌కి పంపిస్తుంది. వోల్టేజీ, ఆంప్స్ బాగానే వస్తున్నాయి గానీ యూనిట్లు 65 దాకా ఎక్కి మళ్లీ సున్నా నుంచి మొదలవుతున్నాయి, రెండు రాత్రులు తిరిగేసరికి ఇదే వరస. కోడ్ రాసిచ్చిన అబ్బాయి ఇప్పుడు ఊళ్లో లేడు. ఇంకోటి, నెల మొదట్లో యూనిట్లు సున్నా చెయ్యాలంటే ఏ రిజిస్టర్లో (మీటర్ లోపల విలువలు దాచే నంబర్ గడి) రాయాలి? అసలు ఇదంతా పెట్టుకున్నది రాత్రిపూట ఒక ఫేజ్ పోయినా వెంటనే తెలియాలని. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే టైమ్‌లో ఏరేటర్లు ఆగితే పంట మొత్తం పోతుందండీ.

ప్యానెల్_మేస్త్రి:
65 అన్నారు కదా, అక్కడే దొరికింది. ఆ మీటర్ యూనిట్లని వాట్-అవర్లలో ఇస్తుంది, అదీ రెండు రిజిస్టర్లలో. 5లో కింది 16 బిట్లు, 6లో పై 16 బిట్లు. ఒక రిజిస్టర్లో పట్టేది 65,535 వరకే, అంటే 65.5 యూనిట్లు. మీ కోడ్ 5 ఒక్కటే చదువుతోంది. 6లో ఉన్నదాన్ని 65,536తో గుణించి 5కి కలపండి, సరిపోతుంది. ఇప్పటిదాకా తిరిగిన యూనిట్లు ఎక్కడికీ పోలేదు, మీటర్లో భద్రంగానే ఉన్నాయి.

వాట్లు కూడా ఇలాగే చూడండి. 3, 4 కలిపి చదవాలి, లెక్క 0.1 వాట్లలో ఉంటుంది కాబట్టి 3 ఒక్కటే చదివితే ఫేజ్ మీద 6,553 వాట్లు దాటగానే అదీ తిరగబడుతుంది. కరెంట్ 1, 2లో, మిల్లీఆంపుల్లో. వోల్టేజీ మాత్రం 0లో ఒక్కటే: 08 98 అని వస్తే అది హెక్స్ (16 ఆధారంగా రాసే అంకెలు), మామూలు అంకెల్లో 2200, అంటే 220.0 వోల్టులు. ఇవన్నీ ఇన్‌పుట్ రిజిస్టర్లు (చదవడానికి మాత్రమే), ఫంక్షన్ 04 అనే చదివే కమాండ్‌తో 0 నుంచి పదీ ఒకేసారి అడగండి, విడివిడిగా అడిగితే మధ్యలో విలువ మారిపోయి పై సగం, కింది సగం అతకవు.

నైట్_షిఫ్ట్:
రీసెట్ సంగతి. దానికి రిజిస్టర్ లేదు బ్రదర్, వేరే కమాండే ఉంది. మీటర్ అడ్రస్, తర్వాత 42 (హెక్స్), తర్వాత సీఆర్‌సీ (తప్పులు పట్టే తనిఖీ అంకె) రెండు బైట్లు, మొత్తం నాలుగే బైట్లు. దాని పక్కనే ఉన్న 41 జోలికి మాత్రం వెళ్లొద్దు, అది క్యాలిబ్రేషన్ కమాండ్, ఫ్యాక్టరీలో వాడేది.

కానీ నన్నడిగితే రీసెట్ అసలు చెయ్యకండి. ఒకటో తారీఖు రీడింగ్ ఈఎస్‌పీలో దాచుకుని, ఇవాళ్టి దాంట్లోంచి తీసెయ్యండి, నెల యూనిట్లు వచ్చేస్తాయి. మన ఇంటి మీటర్‌కి బిల్లు కొట్టేదీ అలాగే కదా. కమాండ్ వెళ్లి జవాబు దారిలో పోయిందనుకోండి, రీసెట్ అయ్యిందో లేదో తేల్చుకునేలోపు లెక్క కలగాపులగం అవుతుంది. సున్నా చేసిన మీటర్‌ని వెనక్కి తేలేం.

మియాపూర్_అపార్ట్‌మెంట్:
రాసే విషయంలో నాదీ ఒక మాట. మా జనరేటర్ సబ్‌మీటర్లు ఈస్ట్రన్ ఎస్‌డీఎమ్630, ఆర్‌ఎస్-485 డేటా లైన్ మీద. వీటి లెక్క పూర్తిగా వేరు, ఒక్కో విలువ రెండు రిజిస్టర్ల ఫ్లోట్ (దశాంశ సంఖ్య), పై సగం ముందు వస్తుంది. 43 70 00 00 అంటే 240 వోల్టులు. సగాలు తారుమారు చేస్తే 0 చూపిస్తుంది, లైన్లో పవర్ లేదేమో అని ఎలక్ట్రీషియన్ గంటసేపు ప్యానెల్ విప్పి చూశాడు. మాన్యువల్లో 30001 అని ఉంటే లైన్ మీద పంపాల్సింది 0, అదీ గుర్తుపెట్టుకోండి.

మా దగ్గర పాత కాంట్రాక్టర్ రాసిన ప్రోగ్రాం చూస్తే ఒళ్లు మండింది. సెట్టింగ్ రిజిస్టర్లని లూప్‌లో సెకనుకోసారి రాస్తూ పోతోంది, విలువ మారకపోయినా సరే. సెట్టింగ్స్ దాచే ఈఈప్రామ్ మెమరీ చిప్‌లు సాధారణంగా లక్ష నుంచి పది లక్షల రైట్ల దాకా ఓర్చుకుంటాయి. రోజుకి 86,400 సెకన్లు, ఇక లెక్క మీరే వేసుకోండి. ముందు చదవాలి, తేడా ఉంటేనే రాయాలి, రాశాక మళ్లీ చదివి సరిచూసుకోవాలి.

గోదారి_ఆక్వా:
@ప్యానెల్_మేస్త్రి అన్నా, సరిగ్గా అదే. 6 కూడా కలిపి చదివితే మూడు ఫేజుల యూనిట్లూ సరిగ్గా వచ్చేశాయి. రీసెట్ ఆలోచన మానేశాను. స్పేర్‌గా ఇంకో మీటర్ ఉంది, దానికి అడ్రస్ ఎలా ఇవ్వాలి?

ప్యానెల్_మేస్త్రి:
హోల్డింగ్ రిజిస్టర్ (రాయడానికి వీలున్నది) 2లో, ఫంక్షన్ 06 అనే రాసే కమాండ్‌తో కొత్త నంబర్ రాయండి, 1 నుంచి 247 వరకు ఏదైనా. పాత అడ్రస్ తెలియకపోతే ఎఫ్8 (హెక్స్) అనే కామన్ అడ్రస్ ఉంది, కానీ ఆ టైమ్‌లో లైన్ మీద ఆ ఒక్క మీటరే ఉండాలి. నాలుగూ ఉంటే నాలుగింటికీ ఒకే అడ్రస్ పడిపోతుంది. బల్ల మీద పెట్టి మార్చుకుని తర్వాత ప్యానెల్లో బిగించండి. ఆ మీటర్ మెయిన్స్ సప్లై ఇస్తేనే జవాబిస్తుంది, 5 వోల్టులు ఒక్కటే ఇస్తే పలకదు. బల్ల మీద 230 వోల్టుల వైర్లు బయటికి ఉంటాయి, జాగ్రత్త.

నైట్_షిఫ్ట్:
మెయిన్స్ లేకపోతే పలకదు అన్న మాట మీ అలారంకి చాలా ముఖ్యం. ఫేజ్ పోతే వోల్టేజీ 0 అని రాదు, జవాబే రాదు. చాలా కోడ్‌లు అప్పుడు పాత విలువే చూపిస్తూ కూర్చుంటాయి, ఫోన్లో 220 కనిపిస్తుంది, చెరువులో మోటార్ కాలిపోతుంటుంది. వరసగా నాలుగైదు సార్లు జవాబు రాకపోతే దాన్నే అలారం చెయ్యండి.

ప్యానెల్_మేస్త్రి:
అది సగమే. మోటార్లు తిరుగుతుండగా ఒక ఫేజ్ పోతే, తిరిగే మోటారే ఆ పోయిన ఫేజ్‌లో వోల్టేజీ పుట్టిస్తుంది. మీటర్ బతికే ఉంటుంది, జవాబిస్తుంది, వోల్టేజీ కూడా కాస్త తక్కువగా కనిపిస్తుందంతే. కాబట్టి ఆంప్స్ చూడండి. పోయిన ఫేజ్‌లో పడిపోతుంది, మిగతా రెండింట్లో ఒక్కసారిగా పెరుగుతుంది. మూడు ఫేజుల కరెంట్ల మధ్య తేడా సగటులో పావు వంతు దాటి కొన్ని సెకన్లు ఉంటే సైరన్ కొట్టించండి. మీటర్లో అలారం రిజిస్టర్ ఉంది గదా అనుకోకండి, అది వాట్లు పరిమితి దాటితేనే జెండా ఎత్తుతుంది, దేన్నీ ఆపదు. మోటార్‌ని ఆపాల్సింది ప్యానెల్లోని సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరే (ఒక ఫేజ్ పోగానే మోటార్‌ని ఆపే పరికరం), వైఫైని నమ్మి దాన్ని తీసెయ్యొద్దు.

కొత్త_సభ్యుడు:
మా ఇంటికి డిస్కమ్ వాళ్లు పెట్టిన స్మార్ట్ మీటర్‌ని కూడా ఇలా చదవొచ్చా?

మియాపూర్_అపార్ట్‌మెంట్:
లేదండీ. అవి డీఎల్‌ఎమ్‌ఎస్ అనే వేరే మీటర్ల భాష మీద నడుస్తాయి, మనదేశంలో దానికి ఐఎస్ 15959 ప్రమాణం, చదవడానికి కావాల్సిన డిజిటల్ తాళంచెవులు డిస్కమ్ దగ్గరే ఉంటాయి. సీల్ ముట్టుకుంటే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 135 (కరెంట్ దొంగతనం), 138 (మీటర్‌తో జోక్యం) దాకా వెళ్తుంది. మీటర్ మీద మినుకుమినుకుమనే చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది, పక్కనే ఒక యూనిట్‌కి ఎన్ని పల్స్‌లో ముద్రించి ఉంటుంది. ఎదురుగా లైట్ సెన్సర్ పెట్టి ఆ పల్స్‌లు లెక్కపెట్టుకోండి, మీటర్‌ని తాకే పనే లేదు.