అండమాన్ బీరువా, ఛాతం సామిల్లు: తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

వైజాగ్_బాబ్జీ

మా ఇంట్లో తాతయ్య కాలం నాటి బీరువా ఒకటి ఉంది. ఆయన విశాఖ పోర్టులో పనిచేసే రోజుల్లో అండమాన్ ఓడలో తెప్పించుకున్నారట. "ఛాతం మిల్లు సరుకు, చెద కూడా దగ్గరికి రాదు" అని మా నాయనమ్మ వచ్చినవాళ్ళందరికీ చూపించేది. మొన్న పాలిష్ పెట్టిద్దామని వడ్రంగిని పిలిస్తే ఆయన తలుపు వెనకాల కొంచెం చిత్రిక పట్టి, లోపల్నుంచి ఎర్రటి రంగు బయటపడగానే గొంతు తగ్గించి "ఇది ఎర్రచందనంలా ఉంది బాబూ, ఎవరితోనూ అనకండి" అని చెప్పి పాలిష్ పెట్టకుండానే వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి అమ్మకి ఒకటే టెన్షన్, పోలీసులొస్తారేమోనని బీరువా మీద దుప్పటి కప్పేసింది.

ఛాతం సామిల్లు గురించి నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా అవే మూడు ముక్కలు: 1883లో పెట్టారు, ఆసియాలోనే పెద్దది, బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి ఇక్కడి చెక్క వెళ్ళింది. ఈ మిల్లు ఎందుకు పెట్టారు, అంత కలప ఎక్కడి నుంచి వచ్చేది, ఇప్పుడు నడుస్తోందా లేదా? వచ్చే నెల పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్నాం, చూడదగ్గదేనా?

కలప_అడితి

ముందు అమ్మగారిని దుప్పటి తీసేయమనండి. అది పడౌక్ అనే అండమాన్ చెక్క. ఎర్రచందనానికి, మన వేగిస చెట్టుకి ఇది దాయాది, మూడూ టెరోకార్పస్ జాతివే, అందుకే మీ వడ్రంగి కంగారుపడ్డాడు. తేడా పట్టడం కష్టమేం కాదు. ఎర్రచందనం ముక్కని నీళ్ళలో వేస్తే మునుగుతుంది, ఆరిన పడౌక్ తేలుతుంది. ఇంకో సంగతి, మీ బీరువా తలుపు అతుకు లేకుండా ఒకటే వెడల్పాటి పలకతో ఉందా చూడండి. ఎర్రచందనం మాను అంత లావు ఊరదు. పడౌక్ అయితే మహావృక్షం, మొదలు దగ్గర గోడల్లా విచ్చుకునే వేర్లుంటాయి, ఒక్కో వేరుని కోస్తే పదిమంది కూర్చునే భోజనాల బల్లకి ఒకే పలక వస్తుంది. పాత దొరల బంగళాల్లో అలాంటి బల్లలే ఉండేవి.

ఇక చరిత్ర. ఛాతం అంటే పోర్ట్ బ్లెయిర్ రేవులో ఉన్న చిన్న దీవి, వంతెన మీద నడిచి వెళ్ళిపోవచ్చు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే ఇంగ్లీషు నౌకాధికారి మొట్టమొదట వలస పెట్టిందీ అక్కడే, కానీ ఆ వలస నిలబడలేదు, తర్వాత మకాం ఉత్తరానికి మార్చారు, రోగాలకి తట్టుకోలేక 1796లో మొత్తం ఎత్తేశారు. మళ్ళీ 1858లో, సిపాయిల తిరుగుబాటు అయ్యాక, ఖైదీలని తోలుకొచ్చి పెట్టిందే ఇప్పుడు మనం కాలాపానీ అంటున్న శిక్షా స్థావరం. వేలమంది ఖైదీలు, వాళ్ళకి కాపలా, ఇంతమందికీ బ్యారక్‌లు కావాలి, రేవుకట్టలు కావాలి, పడవలు కావాలి. చుట్టూ ఉన్నది అడవి, చేతిలో ఉన్నది జీతమివ్వక్కర్లేని కూలి. 1883లో అక్కడ అటవీ శాఖ పెట్టారు, అదే ఏడు మిల్లూ పెట్టారు. ఆ రెండూ ఒకేసారి రావడం కాకతాళీయం కాదని నా నమ్మకం. అడవిని కాపాడే శాఖ, అడవిని కోసే మిల్లు ఒకే దొరగారి చేతి కింద పుట్టాయి, ఇవాళ్టికీ మిల్లు ఆ శాఖదే.

"ఆసియాలోనే పెద్దది" అన్నది బోర్డుల మీద రాసుకోవడానికి బాగుంటుంది గానీ, ఏ లెక్కన పెద్దదో ఎవరూ చెప్పరు కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. పాతది అన్నది మాత్రం నిజం. బకింగ్‌హామ్ మాట కూడా అందరూ చెప్పేదే. పడౌక్ లండన్ మార్కెట్లో మంచి ధర పలికిన చెక్క అన్నంతవరకు సందేహం లేదు.

దుంగలొచ్చే తీరు గురించి అడిగారు కదా. అడవిలో మాను కొట్టాక ఏనుగులు ఒడ్డు దాకా ఈడ్చుకొచ్చేవి. ఆ తర్వాత సముద్రమే రోడ్డు. చిక్కేమిటంటే గర్జన్ అనే చెట్టు లాంటివాటి పచ్చి దుంగలు నీళ్ళలో మునిగిపోతాయి. అందుకని మునిగే దుంగ పక్కన తేలే దుంగ వేసి కట్టి, తెప్పల్లా చేసి, లాంచీ వెనక తగిలించి ఛాతం దాకా లాక్కొచ్చేవాళ్ళు. అక్కడ ఒడ్డుకి లాగి, పెద్ద రంపం కింద రెండుగా చీల్చి, బ్యాండ్ సా (పట్టీలా తిరిగే రంపం) మీద పలకలు తీసి, ఆ తర్వాతే సైజులు. గర్జన్ కోస్తే జిడ్డు నూనె కారి రంపం పళ్ళు పట్టుకుపోతాయి, మధ్యలో ఆపి గోకాల్సిందే. మా నాన్నకి మద్రాసులో అడితి ఉండేది, గర్జన్ కోసిన రోజు చేతులు కిరసనాయిలు పెట్టి కడుక్కునేవాడు. గర్జన్‌నే మందు పట్టించి రైల్వే స్లీపర్లకి కూడా వాడారు.

వైజాగ్_బాబ్జీ

తలుపు ఒకటే పలక అండీ, ఇప్పుడే టేపు పెట్టి చూశాను, రెండడుగుల పైనే ఉంది. దుప్పటి తీసేశాం 😄 మరి ఖైదీల తర్వాత అడవిలో పని ఎవరు చేశారు? యుద్ధంలో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు మిల్లు ఏమైంది?

హద్దో_తెలుగోడు

నేను పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లోనే (2024 నుంచి పేరు శ్రీ విజయపురం, మేమింకా బ్లెయిర్ అనే అంటాం). మా తాతది శ్రీకాకుళం జిల్లా. ఇక్కడ నూటికి పదమూడు మంది తెలుగువాళ్ళే, బజార్లో సగం బేరాలు మన భాషలోనే అవుతాయి.

అడవి పనికి 1918 నుంచి ఛోటా నాగపూర్ (రాంచీ వైపు) వాళ్ళని తెచ్చారు, ఇక్కడ వాళ్ళని రాంచీలు అంటారు. 1925లో బర్మా నుంచి కరెన్ తెగవాళ్ళు వచ్చారు, మధ్య అండమాన్‌లో వేబీ అనే ఊరు వాళ్ళదే. మన వాళ్ళు ఎక్కువగా రేవు పనులకీ చేపల వేటకీ వచ్చారు.

జపాన్ వాళ్ళు 1942 మార్చి 23న దిగారు, 1945 దాకా ఉన్నారు. వాళ్ళ బాంబు పడిన గుంత మిల్లు ఆవరణలో ఇప్పటికీ ఉంది, చుట్టూ కంచె వేసి చూపిస్తారు. స్వాతంత్ర్యం వచ్చాక మిల్లుని మళ్ళీ దారిలో పెట్టారు, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులకి ఇళ్ళూ పొలాలూ ఇవ్వడానికి అడవి కొట్టడం ఇంకా పెరిగింది. కలప కలకత్తాకీ మద్రాసుకీ ఓడల్లో వెళ్ళేది. దాని వెనకే ప్రైవేటు వాళ్ళూ వచ్చారు: బాంబూఫ్లాట్‌లో, బకుల్తలాలో, లాంగ్ ఐలండ్‌లో ప్లైవుడ్ ఫ్యాక్టరీలు, బ్లెయిర్‌లోని మా హద్దో పేటలో అగ్గిపుల్లల ఫ్యాక్టరీ. పపీతా, ధూప్, దిడు లాంటి మెత్తటి చెక్కలన్నీ అగ్గిపెట్టెలకే పోయేవి. 1977లో ప్రభుత్వమే ఒక అటవీ కార్పొరేషన్ పెట్టి అడవి కోయించింది.

ఏనుగుల కథ ఒకటి చెప్పాలి. ఉత్తర అండమాన్‌లో కలప కాంట్రాక్టు తీసుకున్న కలకత్తా కంపెనీ ఒకటి 1962లో చేతులెత్తేసి, తెచ్చిన ఏనుగుల్ని ఇంటర్వ్యూ అనే పేరున్న దీవిలో వదిలేసి పోయింది, సుమారు నలభై. అవి అడవి ఏనుగులైపోయి, బెరళ్ళు ఒలిచి దీవిలో చాలా చెట్లు పాడుచేశాయి. మాలిమిగా ఉన్నవాటిలో ఆఖరి పేరున్నది రాజన్. సముద్రంలో ఈదే ఏనుగని విదేశీయులు ఫోటోలు తీసుకునేవాళ్ళు, 2016లో హేవ్‌లాక్ దీవిలో పోయింది. అది ఈత నేర్చింది టూరిస్టుల కోసం కాదండీ, దుంగల పనికి దీవి నుంచి దీవికి వెళ్ళడానికి.

ఇక 2002. సుప్రీంకోర్టు మే 7న ఆర్డరిచ్చింది, సహజంగా పెరిగిన అడవిని వ్యాపారానికి కొట్టకూడదు, ఇక్కడి జనం సొంత అవసరానికి మాత్రమే అని. దెబ్బకి ప్లైవుడ్ ఫ్యాక్టరీలన్నీ మూతపడ్డాయి. మా వీధిలోనే ఎంతమంది ఖాళీగా కూర్చున్నారో నేను చూశాను. ఢిల్లీలో కూర్చుని ఒక్క సంతకంతో తేల్చేశారు, ఆ కూలీల గోడు ఎవరికీ పట్టలేదు.

పచ్చాకు

హద్దో గారూ, కూలీల సంగతి ఒప్పుకుంటాను, మిగతాది ఒప్పుకోను. ఢిల్లీలో కూర్చుని తేల్చింది కాదది. కేసు వేసినవాళ్ళలో మీ దీవుల సంస్థే ఒకటి ఉంది. కోర్టు శేఖర్ సింగ్ గారిని కమిషన్‌గా వేసింది, ఆయన దీవులన్నీ తిరిగి 2002 ఫిబ్రవరిలో రిపోర్టు ఇచ్చాకే ఆ ఆర్డరు. ఫ్యాక్టరీలకి దుంగ చవగ్గా దొరికినంతకాలం నడిచాయి, ఆ చవక ఎక్కడిదంటే జరావాలు, ఓంగీలు అనే ఆదివాసులు బతికే అడవిది. అయినా అదే ఆర్డరులో జరావా రిజర్వులోంచి వెళ్ళే అండమాన్ ట్రంక్ రోడ్డుని మూడు నెలల్లో మూసేయమని కూడా ఉంది, అది మాత్రం మూయలేదు. మరి ఆ సంతకానికి అంత పవరుంటే రోడ్డెందుకు ఆగలేదు?

హద్దో_తెలుగోడు

రోడ్డు మూస్తే ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ పేషెంటు ఓడ కోసం కూర్చోవాలి, అది వేరే గొడవ, ఇంకో థ్రెడ్ పెట్టండి, వస్తాను.

బాబ్జీ గారూ, మిల్లు ఉంది, ప్రభుత్వానిది కాబట్టి స్థానిక అవసరాల పేరు మీద మిగిలింది. పని మునుపట్లా లేదు, పెద్ద పెద్ద షెడ్లలో కొన్ని రంపాలే తిరుగుతుంటాయి. ఆదివారం వెళ్ళకండి, మూసి ఉంటుంది. పక్కనే అటవీ మ్యూజియంలో రకరకాల చెక్క పలకలు వరుసగా పెట్టారు. కోకో అని రాసి ఉన్నదాని దగ్గర ఆగండి, అది మన దిరిసెనే. నల్ల చారలతో మార్బుల్‌వుడ్ అని ఉంటుంది, అది బీడీ ఆకుల తునికి జాతి. చిన్న పడౌక్ బొమ్మ కొనాలనిపిస్తే బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి. బల్లలు, కుర్చీల్లాంటివి దీవి దాటించాలంటే ఫారెస్ట్ పర్మిట్ అడుగుతారు, అది లేకపోతే రేవులోనే దింపేస్తారు.

కలప_అడితి

పాలిష్ సంగతి మరిచాం. మెరిసే పీయూ (పాలీయురేథేన్) కోటింగ్ వేయించకండి, పడౌక్ ఎరుపు వెలుతురుకి మెల్లగా గోధుమ రంగులోకి తిరుగుతుంది, ఏ పాలిష్ వేసినా అది ఆగదు. లక్క పాలిష్ చాలు. వడ్రంగి చిత్రిక పట్టినచోట ఎర్రగా ఉందని భయపడొద్దు, కొన్నాళ్ళకి మిగతాదానిలో కలిసిపోతుంది.